కొత్త గవర్నర్ మర్ఫీ హామీల లెక్క: న్యూజెర్సీ వాళ్ళు ఇక్కడ రాయండి

మెట్రోపార్క్‌మూర్తి
2018 జనవరి 17

నిన్న రాజధాని ట్రెంటన్‌లో ఫిల్ మర్ఫీ ప్రమాణం చేశాడు, పాత గవర్నర్ క్రిస్టీ ఎనిమిదేళ్ళు అయిపోయాయి. ఈయన ఎలక్షన్ ముందు చెప్పినవన్నీ నేను ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ వచ్చా, మా ఆవిడ ఇదేం పిచ్చి అంది, సరే పిచ్చే అనుకోండి, ఇక్కడ పెడుతున్నా. ఏది జరిగినా తేదీతో రాయండి, "అయిందంట" "చేస్తాడంట" వద్దు.

ఊళ్ళో చుట్టాలు అడుగుతున్నారు గవర్నర్ మారితే నీకేంట్రా అని. ఇది మన నరసింహన్ గారిలాగా రాజ్‌భవన్‌లో కూర్చుని ప్రమాణాలు చేయించే పోస్టు కాదండీ, ఇక్కడ గవర్నర్ అంటే అక్కడి సీఎం, ఇంకో మాట చెప్పాలంటే న్యూజెర్సీలో సీఎం కంటే ఒక మెట్టు పైన. అటార్నీ జనరల్‌ని జనం ఎన్నుకోరు, ఈయనే వేస్తాడు (గుర్బీర్ గ్రేవాల్‌ని వేశాడు, ఈ దేశంలో ఒక రాష్ట్రానికి మొదటి సిక్కు ఏజీ). బడ్జెట్లో నచ్చని పద్దు ఒక్కదాన్నే పట్టుకుని గీత కొట్టేయొచ్చు.

నా నోట్‌బుక్‌లో ఉన్నవి: కనీస వేతనం గంటకి 15 డాలర్లు. గంజాయి లీగల్, అదీ మొదటి వంద రోజుల్లో. మిలియన్ పైన సంపాదించేవాళ్ళ మీద టాక్స్. స్కూళ్ళకి 2008 ఫార్ములా ప్రకారం పూర్తి డబ్బు. కమ్యూనిటీ కాలేజ్ ఫ్రీ. స్కూళ్ళలో ఏటా పెట్టే పార్క్ (PARCC) పరీక్ష ఎత్తేయడం. రాష్ట్రానికి సొంత పబ్లిక్ బ్యాంక్. జీతంతో సిక్ లీవ్. ఆఫ్‌షోర్ విండ్, అంటే సముద్రంలో గాలిమరలతో కరెంటు. రాష్ట్రం రైళ్ళూ బస్సులూ నడిపే ఎన్‌జే ట్రాన్సిట్‌ని బాగుచేయడం. ఇంకేమన్నా మర్చిపోతే కలపండి.


ఎర్రబస్సు
2018 జనవరి 17

గోల్డ్‌మన్ శాక్స్‌లో ఇరవై ఏళ్ళు చేసినాయన కోటీశ్వరుల మీద టాక్స్ వేస్తాడా, పిల్లికి పాల కుండ కాపలా. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య దాటాక బోడి మల్లయ్య. లిస్టు దాచుకో మూర్తన్నా, నాలుగేళ్ళ తర్వాత పకోడీలు కట్టుకోవడానికి పనికొస్తుంది.


ఎడిసన్‌వదిన
2018 జనవరి 18

మూర్తిగారూ అసలుది రాయలేదు మీరు. ప్రాపర్టీ టాక్స్! ఇల్లున్న ఏ తెలుగాయన్ని ఆపి అడిగినా మొదటి మాట అదే కదా.


మెట్రోపార్క్‌మూర్తి
2018 జనవరి 18

కావాలనే రాయలేదు వదినా. రేటు వేసేది టౌన్, కౌంటీ, స్కూల్ బోర్డు, గవర్నర్ కాదు. ఫలానా అంత తగ్గిస్తా అని ఈయన నంబర్ కూడా ఎక్కడా చెప్పలేదు, స్కూళ్ళకి రాష్ట్రం డబ్బు పెంచితే టౌన్ల మీద బరువు తగ్గుతుంది అన్నాడు అంతే. నంబర్ లేని హామీని ఏ గడిలో పెట్టమంటారు?


ఎడిసన్‌వదిన
2018 జనవరి 18

నంబర్ చెప్పలేదని వదిలేస్తే అందరూ నంబర్ చెప్పడం మానేస్తారు. తెలివిగా మాట్లాడినవాడికి మీరే బహుమానం ఇస్తున్నారన్నమాట. పెట్టండి లిస్టులో, 2017లో రాష్ట్రం సగటు 8,690 డాలర్లు, అది రాసిపెట్టండి చాలు, పెరిగిందో తగ్గిందో మేం చూసుకుంటాం.


లెక్కలమాస్టారు
2018 జనవరి 19

అమ్మాయి చెప్పింది నిజం బాబూ. మొదలు ఎక్కడుందో రాసుకోకపోతే చివర్లో ఎవడి వాదన వాడిదే. కనీస వేతనం ఇవాళ్టికి 8 డాలర్ల 60 సెంట్లు, సేల్స్ టాక్స్ ఈ నెల నుంచి 6.625 శాతం. ఇవి కూడా పక్కన రాయి.


కరీంనగర్‌పోరడు
2018 జనవరి 23

అన్నా నిన్న సమ్మిట్ స్టేషన్‌ల నిలబడి ఎన్‌జే ట్రాన్సిట్ మీద ఆడిట్ చేయాలని ఆర్డర్ సంతకం పెట్టిండు, ఇది దేశానికే సిగ్గుచేటు అన్నట్టు మాట్లాడిండు. మొదటి రోజు పెట్టిన ఆర్డర్ ఏందంటే ప్రభుత్వ ఉద్యోగాలకు ఇంటర్వ్యూల పాత జీతం ఎంత అని అడగొద్దని. నేనింకా ఓపీటీ (చదువైనంక పనిచేసే పర్మిషన్) మీదున్న, ఓటు లేదు గీటు లేదు, అయినా గీ ట్రైన్ ఎక్కేది మనమే కద. లిస్టుల రైలుకు నంబర్ పెట్టినవా?


మెట్రోపార్క్‌మూర్తి
2018 జనవరి 23

పెట్టలేదు తమ్ముడూ, "బాగుచేస్తా" అన్నాడు, బాగు అంటే ఏంటో చెప్పలేదు. నాకు బాగు అంటే 7:12 బండి 7:12కి రావడం. ఎర్రబస్సుకి బాగు అంటే బస్సులో ఏసీ. ప్రస్తుతానికి "ఆడిట్ మొదలు" అని రాశా.


ఎర్రబస్సు
2018 జనవరి 24

ఆడిట్ అంటే మన దగ్గర కమిటీ వేయడం. తెలుగువాళ్ళకి కొత్తగా చెప్పాలా.


మెట్రోపార్క్‌మూర్తి
2018 ఏప్రిల్ 26

వంద రోజులు. నోట్‌బుక్ తీశా.

పెన్నుతో అయ్యేవి టకటకా అయ్యాయి. వాతావరణ ఒప్పందం రెగ్గీలోకి మళ్ళీ చేరాలని జనవరి 29న ఆర్డర్, రెండ్రోజులకే ఆఫ్‌షోర్ విండ్ 2030కి 3,500 మెగావాట్లు అని ఇంకో ఆర్డర్. ఆడవాళ్ళ ఆరోగ్య క్లినిక్‌లు నడిపే ప్లాన్డ్ పేరెంట్‌హుడ్‌కి క్రిస్టీ ఆపేసిన డబ్బు 75 లక్షల డాలర్లు ఫిబ్రవరిలో తిరిగిచ్చాడు. ఎంవీసీ (ఇక్కడి ఆర్టీఓ ఆఫీసు)లో లైసెన్స్ తీసుకునేటప్పుడే ఓటరు నమోదు అయిపోయేలా ఏప్రిల్ 17న సంతకం. ఆడా మగా సమాన జీతం చట్టం మొన్న 24న. సిక్ లీవ్ బిల్లు రెండు సభల్లో పాసైంది, సంతకమే బాకీ.

గంజాయి: కాలేదు. వంద రోజులన్నాడు, వంద అయ్యాయి. ఎర్ర ఇంకు పెట్టా.


కరీంనగర్‌పోరడు
2018 ఏప్రిల్ 26

గది ఆయన చేతిల లేదు కదన్నా, అసెంబ్లీ సెనేట్ పాస్ చేయాలె. ఎర్ర ఇంకు అన్యాయం.


ఎడిసన్‌వదిన
2018 ఏప్రిల్ 26

చేతిలో లేదని తెలిసీ వంద రోజులని ఎవరు చెప్పమన్నారు తమ్ముడూ? మా అబ్బాయి కూడా పరీక్ష ముందు ఏ ప్లస్ అంటాడు, తర్వాత పేపర్ టీచర్ చేతిలో ఉందంటాడు.


లెక్కలమాస్టారు
2018 ఏప్రిల్ 27

రెండు సభలూ ఆయన పార్టీవే కాబట్టి అడ్డేముందనుకున్నాడు. కానీ సెనేట్ ప్రెసిడెంట్ స్వీనీ ఉన్నాడు చూశారూ, 2017లో తనే గవర్నర్‌గా నిలబడదామని చూసి వెనక్కి తగ్గినాయన. ట్రెంటన్‌లో అసలు ప్రతిపక్షం అదే. మన దగ్గర ఒకే పార్టీలో రెండు గ్రూపులు చూసినవాళ్ళకి ఇది అర్థం కావడం కష్టమేం కాదు.


మోడరేటర్
2018 ఏప్రిల్ 27

పై మాట పట్టుకుని టీడీపీ, వైసీపీ, టీఆర్ఎస్ అంటూ వచ్చిన పదకొండు పోస్టులు తీసేశాను. వాటికి వేరే దారం (థ్రెడ్) ఉంది, అక్కడ కొట్టుకోండి.


మెట్రోపార్క్‌మూర్తి
2018 జులై 2

శనివారం రాత్రి బడ్జెట్ తేలింది. జూన్ 30 దాటితే ప్రభుత్వం షట్‌డౌన్, పోయినేడాది గుర్తుందిగా, బీచ్‌లు మూసేసి క్రిస్టీ మాత్రం కుటుంబంతో మూసిన బీచ్‌లో కుర్చీ వేసుకుని కూర్చుంటే పైనుంచి ఫొటో తీసి పేపర్లో వేశారు. ఈసారి అంతదాకా పోలేదు.

మిలియన్ టాక్స్ అడిగాడు, స్వీనీ ఒప్పుకోలేదు, చివరికి 50 లక్షల డాలర్ల పైన ఆదాయానికి మాత్రం 10.75 శాతం. ఎర్రబస్సూ, వేశాడా లేదా మరి?


ఎర్రబస్సు
2018 జులై 2

మిలియన్ అన్నాడు, ఐదు మిలియన్ దగ్గర ఆగాడు. కొండను తవ్వి ఎలకని పట్టాడు. సేల్స్ టాక్స్ మళ్ళీ 7 శాతం చేద్దామని మార్చిలో అడిగాడు, అది ప్రచారంలో చెప్పాడా? చెప్పని వాటికి కూడా ఒక గడి పెట్టన్నా నోట్‌బుక్‌లో.


మెట్రోపార్క్‌మూర్తి
2018 జులై 2

సేల్స్ టాక్స్ పెరగలేదు కాబట్టి గడి అక్కర్లేదు. మిలియన్ టాక్స్‌కి "సగం" అని రాశా. నిజానికి సగం కూడా కాదు, ఐదు మిలియన్లు సంపాదించేవాళ్ళు ఎంతమంది ఉంటారు.


పునుగులబండి
2018 అక్టోబర్ 30

కొత్తగా చేరా, దారం మొత్తం ఒక్క రాత్రిలో చదివా. ఓక్ ట్రీ రోడ్ దగ్గర్లో చిన్న టిఫిన్ సెంటర్ నాది, నేనూ మా ఆవిడా కాక నలుగురు. నిన్నటి నుంచి సిక్ లీవ్ చట్టం అమల్లోకి వచ్చింది, 30 గంటలు పనిచేస్తే ఒక గంట, ఏడాదికి 40 గంటల దాకా. మూర్తిగారు ఆకుపచ్చ ఇంకుతో టిక్ పెట్టి ఉంటారు, ఆ టిక్ డబ్బులు నా గల్లాపెట్టెలోంచి వెళ్తాయి, అది కూడా ఎక్కడన్నా రాయండి సార్.

కోపంతో కాదు. దోసెలు వేసే ఆయనకి పోయిన చలికాలం జ్వరం వస్తే జీతం పోతుందని అలాగే వచ్చాడు, నేను పంపించేశా, ఆరోజు డబ్బు ఇచ్చా కూడా. ఇప్పుడు అది నా మంచితనం కాదు, చట్టం. అంతే తేడా.


ఎడిసన్‌వదిన
2018 అక్టోబర్ 30

అన్నయ్యగారూ మీ మంచితనం లేని షాపుల్లో పనిచేసేవాళ్ళకి ఆ తేడా చాలా పెద్దది.


కరీంనగర్‌పోరడు
2018 అక్టోబర్ 31

రైలు ఆడిట్ రిపోర్టు వచ్చింది ఈ నెల. పైసలు లేవు, మనుషులు లేరు, పాత మనుషులు పోయిండ్రు అన్నట్టు రాసిండ్రు. మనకు తెల్వని ముచ్చట ఒక్కటి లేదు. గ్యాస్ (పెట్రోల్) టాక్స్ కూడ గ్యాలన్‌కు 4.3 సెంట్లు పెంచిండ్రు అక్టోబర్ 1 నుంచి.


లెక్కలమాస్టారు
2018 అక్టోబర్ 31

గ్యాస్ టాక్స్ మర్ఫీ ఖాతాలో వేయకండి. 2016లో క్రిస్టీ ఉండగా చేసిన చట్టం అది, ఒకేసారి 23 సెంట్లు పెంచి, రోడ్ల ఫండ్‌కి అనుకున్నంత రాకపోతే మళ్ళీ పెరిగేలా ఫార్ములా పెట్టారు. ఎవరి సంతకానికి వాళ్ళ పేరు రాయాలి.


మెట్రోపార్క్‌మూర్తి
2019 ఫిబ్రవరి 5

నిన్న 15 డాలర్ల చట్టం సంతకం అయింది! ఈ జులైకి 10, తర్వాత ఏటా జనవరిలో ఒక్కో డాలరు, 2024కి 15. చిన్న షాపులకీ సీజన్ పనులకీ 2026 దాకా గడువు, పొలం పనికి ఇంకా ఎక్కువ.

ఇప్పుడు చెప్పండి, టిక్ పెట్టనా వద్దా?


ఎర్రబస్సు
2019 ఫిబ్రవరి 5

2024లో పెట్టు.


కరీంనగర్‌పోరడు
2019 ఫిబ్రవరి 5

మా దిక్కు 2014 ఎలక్షన్ల లక్ష రుణమాఫీ అన్నరు, ఇచ్చిండ్రు, కాని నాలుగు విడతల్ల నాలుగేండ్లకు. మాట తప్పిండ్రా అంటే లేదు, నిలబెట్టుకున్నరా అంటే ఊళ్ళె ఎవ్వరు గట్టిగ అనరు. నడుమ వడ్డీ ఎవ్వడు కట్టాలె? గిదీ గంతే. ఐదేండ్లకు 15 అంటే అప్పటికి ఇంటి కిరాయి ఎంతుంటదో.


పునుగులబండి
2019 ఫిబ్రవరి 6

ఒకేసారి 15 చేస్తే నేను మూసుకోవాలి తమ్ముడూ, విడతలు కాబట్టి బతికా. నలుగురే కాబట్టి చిన్న షాపు గడువు నాకూ వస్తుంది అనుకున్నా. కానీ గడువు వాడుకుంటే పనివాళ్ళు పక్క షాపుకి పోతారు, వాళ్ళు ఎక్కువ ఇస్తారు కదా. చట్టం గడువు ఇచ్చినా బజారు ఇవ్వదు.


మెట్రోపార్క్‌మూర్తి
2019 ఫిబ్రవరి 6

కొత్త రంగు మొదలుపెడుతున్నా, నీలం. నీలం అంటే "చట్టం అయింది, పూర్తిగా చేతికి అందలేదు". తేదీ వచ్చాక ఆకుపచ్చ.


ఎడిసన్‌వదిన
2019 మార్చి 26

గంజాయి బిల్లు నిన్న సెనేట్‌లో ఓట్లు చాలక ఓటింగే ఆపేశారు. దాని సంగతి నాకు పట్టదు గానీ పార్క్ పరీక్ష గురించి ఎవరూ మాట్లాడరేం? ఎత్తేస్తా అన్నాడు, ఈ వసంతం నుంచి దాని పేరు ఎన్‌జేఎస్ఎల్ఏ. టైము కొంచెం తగ్గించారు. మా అబ్బాయి అదే కంప్యూటర్ ముందు అదే రకం ప్రశ్నలకి కూర్చుంటున్నాడు, కొట్టు బోర్డు మార్చారు, సరుకు అదే. దీనికి ఏ రంగు?


లెక్కలమాస్టారు
2019 మార్చి 26

ఒకటి గుర్తుపెట్టుకో అమ్మా, మూడు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏటా పరీక్ష పెట్టాలని ఫెడరల్ చట్టమే ఉంది. పరీక్ష మొత్తం ఎత్తేయడం ఏ గవర్నర్ వల్లా కాదు, వేరేది పెట్టడం వరకే.


ఎడిసన్‌వదిన
2019 మార్చి 26

అది తెలిసే కదండీ "ఎత్తేస్తా" అన్నది. "వేరేది పెడతా" అంటే ఎవరు చప్పట్లు కొడతారు.


మెట్రోపార్క్‌మూర్తి
2019 డిసెంబర్ 20

చాలారోజులైంది, ఇండియా వెళ్ళొచ్చా. కమ్యూనిటీ కాలేజ్: 13 కాలేజీల్లో మొదలై ఈ ఫాల్ నుంచి అన్నింటిలోనూ, కానీ ఆదాయం 65 వేల లోపు కుటుంబాలకే. అందరికీ ఫ్రీ అనుకున్నవాళ్ళకి కాదు, నీలం. పబ్లిక్ బ్యాంక్: నవంబర్లో ఒక బోర్డు వేశాడు, ఎర్రబస్సు భాషలో కమిటీ. పేపర్లు లేనివాళ్ళకి కూడా డ్రైవింగ్ లైసెన్స్ ఇచ్చే చట్టం నిన్న సంతకం, ఆకుపచ్చకి దగ్గర.

ఇంకో సంగతి, నాకు సిటిజన్‌షిప్ వచ్చింది. వచ్చేసారి ఈ నోట్‌బుక్ పట్టుకుని లైన్లో నిలబడతా.


ఎర్రబస్సు
2019 డిసెంబర్ 20

కంగ్రాట్స్ అన్నా. ఓటుతో పాటు జ్యూరీ డ్యూటీ కూడా వస్తుంది, అది ఏ హామీలోనూ లేదు.


మెట్రోపార్క్‌మూర్తి
2020 నవంబర్ 5

ఈ ఏడాది లిస్టు ముట్టుకోబుద్ధి కాలేదు. మార్చి నుంచి కరోనాతో మనకి తెలిసిన ఇళ్ళల్లోనే ఎన్ని జరిగాయో అందరికీ తెలుసు. హామీలన్నీ పక్కకి పోయి రోజూ ఒంటిగంటకి మర్ఫీ ప్రెస్‌మీట్ చూడటమే పనైంది.

అయినా రెండు కదిలాయి. సెప్టెంబర్లో బడ్జెట్‌కి డబ్బు కావాల్సి వచ్చి స్వీనీ దిగొచ్చాడు, మిలియన్ దాటితే 10.75 శాతం, దానికి బదులుగా పిల్లలున్న మధ్యతరగతికి 500 డాలర్ల దాకా వాపసు. మొన్న ఎలక్షన్లో గంజాయిని జనమే బ్యాలెట్ మీద 67 శాతంతో పాస్ చేశారు.


కరీంనగర్‌పోరడు
2020 నవంబర్ 5

గంజాయికి ఇప్పుడు ఏ రంగన్నా? గవర్నర్ చేసిండా, జనం చేసిండ్రా?


మెట్రోపార్క్‌మూర్తి
2020 నవంబర్ 5

జనం. ఎర్ర ఇంకు అలాగే ఉంటుంది, "వంద రోజులు" అన్న ముక్క దగ్గర. పక్కన నీలం.


ఎడిసన్‌వదిన
2021 జులై 20

ఆ 500 డాలర్ల చెక్కు వచ్చింది మా ఇంటికి. ఎలక్షన్ నవంబర్లో, చెక్కు జులైలో. పండక్కి ముందు అల్లుడికి బట్టలు పెట్టినట్టు భలే టైమింగ్ :)


మెట్రోపార్క్‌మూర్తి
2021 నవంబర్ 4

మొదటిసారి ఓటు వేశా. ఎవరికి వేశానో చెప్పను. రిపబ్లికన్ చిట్టరెల్లిని కొంచెంలో ఓడించి మర్ఫీ గెలిచాడు, 51 చిల్లర, 48. 1977 తర్వాత న్యూజెర్సీలో రెండోసారి గెలిచిన మొదటి డెమోక్రాట్ గవర్నర్. కానీ అసలు వార్త అది కాదు, స్వీనీ ఓడిపోయాడు! ఎడ్ డర్ అని ఫర్నిచర్ కంపెనీలో ట్రక్ నడిపే ఆయన చేతిలో. నాలుగేళ్ళు గవర్నర్ హామీలకి గేటు కాపలా ఉన్నాయన్ని పెద్దగా డబ్బే ఖర్చుపెట్టని ట్రక్ డ్రైవర్ పడగొట్టాడు.


ఎర్రబస్సు
2021 నవంబర్ 4

దీన్ని ఏ రంగుతో రాస్తావో రాయి. నేను మాత్రం నిన్న రాత్రి మందు పోశా అందరికీ.


లెక్కలమాస్టారు
2021 నవంబర్ 5

పెన్షన్ల సంగతి లిస్టులో లేదు గానీ రాసుకోండి బాబూ, ఈ జులైతో మొదలైన బడ్జెట్లో రాష్ట్రం ఉద్యోగుల పెన్షన్‌కి కట్టాల్సింది మొత్తం కట్టింది, పాతికేళ్ళలో ఇదే మొదటిసారి. దీనికి చప్పట్లు రావు, ఎందుకంటే చప్పట్లు కొట్టేవాడికి చేతికేమీ రాదు. కానీ పాత ప్రభుత్వాలన్నీ ఎగ్గొట్టి దాటేసిన అప్పు ఇది.


మెట్రోపార్క్‌మూర్తి
2022 ఏప్రిల్ 22

నిన్న గంజాయి షాపులు తెరిచారు. ప్రమాణం చేసిన రోజు నుంచి లెక్కేశా, నాలుగేళ్ళ మూడు నెలలు. వంద రోజులకి ఇంత పొడుగు సాగుతుందని నాకు తెలీదు. మొత్తానికి ఆకుపచ్చ (రంగు కూడా కుదిరింది).


పునుగులబండి
2022 ఏప్రిల్ 22

మూర్తిగారూ, షాపు తెరిస్తే రాత్రిపూట పునుగులకి గిరాకీ పెరుగుతుందని మా పిల్లాడు అంటున్నాడు. చూద్దాం.


ఎడిసన్‌వదిన
2023 జూన్ 8

యాంకర్ డబ్బు (ప్రాపర్టీ టాక్స్ బరువుకి రాష్ట్రం ఇచ్చే వాపసు) వచ్చింది, ఆదాయం లక్షన్నర లోపు సొంతిల్లు ఉన్నవాళ్ళకి 1,500, రెండున్నర లక్షల దాకా 1,000, అద్దెకుండేవాళ్ళకి 450. మా చెల్లెలికి రాలేదు, ఎందుకంటే 2019 అక్టోబర్ 1 నాటికి న్యూజెర్సీలో ఇల్లో అద్దె ఇల్లో ఉండాలట, వాళ్ళు 2020లో టెక్సాస్ నుంచి వచ్చారు. నాకు వచ్చింది కదా అని నేను సంతోషపడుతుంటే ఫోన్లో దాని ఏడుపు.

ఇప్పుడు ప్రాపర్టీ టాక్స్ గడి తియ్యండి మూర్తిగారూ. తగ్గిందా?


లెక్కలమాస్టారు
2023 జూన్ 9

టాక్స్ తగ్గలేదు, టాక్స్ కట్టాక కొంత వెనక్కి వచ్చింది. రెండూ ఒకటి కాదు. టౌన్ బిల్లు అలాగే పెరుగుతూ పోతుంది, ఏ ఏడాదైనా బడ్జెట్లో డబ్బు లేక యాంకర్ ఆగితే ఆ బిల్లు మొత్తం మీ నెత్తినే.


ఎర్రబస్సు
2023 నవంబర్ 1

ఆఫ్‌షోర్ విండ్‌కి నమస్కారం. గాలిమరలు కట్టాల్సిన ఆర్‌స్టెడ్ కంపెనీ వాళ్ళు రాత్రి ఓషన్ విండ్ రెండు ప్రాజెక్టులూ కేన్సిల్ చేశారు. 3,500 మెగావాట్లు అన్నాడు, తర్వాత 7,500 అన్నాడు, తర్వాత 11,000 అన్నాడు. ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగిరింది. ఇప్పటికి సముద్రంలో ఎన్ని ఫ్యాన్లు తిరుగుతున్నాయి? సున్నా.


కరీంనగర్‌పోరడు
2023 నవంబర్ 1

వడ్డీ రేట్లు పెరిగినయి, సామాను రాలె, గది ఆయన తప్పా? ఆర్డర్ వేసిండు, వేలం పెట్టిండు, కంపెనీకి టాక్స్ మినహాయింపు గూడ చట్టం చేసిచ్చిండు ఈ యేడు. ఇంకేం చేయాలె, తెప్ప ఏస్కొని పోయి తనే పాతాల్నా?


ఎర్రబస్సు
2023 నవంబర్ 1

చిన్న నంబర్ అందకముందే పెద్ద నంబర్ చెప్పడం మాత్రం ఆయన తప్పే.


మెట్రోపార్క్‌మూర్తి
2023 నవంబర్ 2

ఇద్దరి మాటా రాశా. రంగు ఎరుపు. మొదట్లో తేదీ చూసుకుని ఎరుపో ఆకుపచ్చో పెట్టేవాణ్ణి, ఇప్పుడు ప్రతి దాని పక్కనా ఒక పేరా రాయాల్సి వస్తోంది, నోట్‌బుక్ అయిపోతోంది.


మెట్రోపార్క్‌మూర్తి
2024 జులై 3

మూడు సంగతులు.

కనీస వేతనం జనవరి నుంచి 15 డాలర్ల 13 సెంట్లు. నీలం చెరిపి ఆకుపచ్చ. పునుగులబండి గారూ, ఉన్నారా?

స్కూల్ ఫార్ములా ఈ బడ్జెట్‌తో పూర్తిగా నిండింది, 2008లో చట్టం అయ్యాక మొదటిసారి. కాకపోతే ఇన్నేళ్ళూ కొన్ని ఊళ్ళకి పెంచుతూ జెర్సీ సిటీ లాంటి కొన్నింటికి కోస్తూ వచ్చారు, అక్కడున్న మనవాళ్ళు నన్ను తిట్టకండి, ఫార్ములా నేను రాయలేదు.

రైలు. మొన్న 1వ తేదీ నుంచి టికెట్ 15 శాతం పెరిగింది, ఇకపై ఏటా జులైలో 3 శాతం. పెద్ద కంపెనీల మీద 2.5 శాతం ట్రాన్సిట్ ఫీజు వేశారు, అది ఎన్‌జే ట్రాన్సిట్‌కే అన్నారు. ఆరేళ్ళు టికెట్ పెంచలేదన్నది నిజం, ఈ నెలతో అది అయిపోయింది. ఈ ఎండాకాలం ఆమ్‌ట్రాక్ (దేశమంతా రైళ్ళు నడిపే సంస్థ) తీగలు తెగడం, రైళ్ళు ఆగడం అందరూ చూస్తున్నదే. తీగలూ పట్టాలూ ఆమ్‌ట్రాక్‌వి, రైళ్ళు మనవి, హ్యాకెన్‌సాక్ నది మీద వంతెన 1910 నాటిది. కొత్త పోర్టల్ వంతెన 2022 నుంచి కడుతున్నారు, అది ఒక్కటే నాకు కళ్ళకి కనిపించే పని, రోజూ కిటికీలోంచి చూస్తా.


పునుగులబండి
2024 జులై 3

ఉన్నా సార్. ఇప్పుడు ఆరుగురం కాదు తొమ్మిదిమంది. ప్లేటు పునుగులు 5 నుంచి 8 చేశా. జనం తిడుతూనే తింటున్నారు.


కరీంనగర్‌పోరడు
2025 మే 18

మూడు దినాలు రైలు నడిపే ఇంజనీర్ల సమ్మె, మొత్తం రైళ్ళు బంద్, నలభై ఏండ్లల్ల మొదటిసారి అంటున్నరు. ఇయ్యాల ఒప్పందం కుదిరింది. అన్నా, రైలు గడిల ఇంక ఏం రాయకు, ఊకో.


మెట్రోపార్క్‌మూర్తి
2025 నవంబర్ 6

ఎనిమిదేళ్ళు అవుతోంది. మొన్న మంగళవారం కొత్త గవర్నర్‌గా మికీ షెరిల్ గెలిచింది, నేవీలో హెలికాప్టర్ పైలట్‌గా చేసినావిడ, జనవరి 20న ప్రమాణం. చిట్టరెల్లికి ఇది మూడో ప్రయత్నం, పాపం.

మర్ఫీ లెక్క మూసేస్తున్నా. ఆయన సంతకం ఒక్కటే చాలినవి నెలల్లో అయ్యాయి, స్వీనీ సంతకం కూడా కావాల్సినవి ఏళ్ళు పట్టి సగం సగం అయ్యాయి, పబ్లిక్ బ్యాంక్ అసలు పుట్టలేదు. రైలు గడి ఖాళీగా వదిలేశా, తమ్ముడు చెప్పినట్టే. ప్రాపర్టీ టాక్స్, వదిన రాయించిన 8,690 పక్కన 2024 సగటు 10,095 అని రాశా.


ఎర్రబస్సు
2025 నవంబర్ 6

నోట్‌బుక్‌లో పకోడీలు కడదామన్నా కదా, వద్దులే, నాకు ఒక జిరాక్స్ ఇవ్వు. మిలియన్ టాక్స్ మీద నేను ఓడిపోయా, ఒప్పుకుంటున్నా. గాలి మీద గెలిచా.


కరీంనగర్‌పోరడు
2025 నవంబర్ 7

కొత్తామె మొదటి రోజే కరెంటు బిల్లుల మీద ఎమర్జెన్సీ పెడ్త, రేట్లు పెరగకుండ ఆపుత అన్నది. జూన్‌ల 17 నుంచి 20 శాతం దాక పెరిగినయి కద. రాసుకో అన్నా, "మొదటి రోజు" అని కచ్చితంగ రాసుకో.


లెక్కలమాస్టారు
2025 నవంబర్ 7

బాబూ, న్యూజెర్సీ కరెంటు ధరలో పెద్ద భాగం పీజేఎం అనే పదమూడు రాష్ట్రాల గ్రిడ్ వేలంలో తేలుతుంది. గవర్నర్ చేతిలో ఉన్నది కరెంటు రేట్లు చూసే బోర్డ్ ఆఫ్ పబ్లిక్ యుటిలిటీస్ మెంబర్లని వేయడం, బిల్లు మీద రాయితీ ఇవ్వడం. ఇది ఇప్పుడే రాసిపెట్టు, తర్వాత "చేతిలో లేదు" అన్నప్పుడు మనకి ముందే తెలుసు అని ఉండాలి. ఇంకోటి, రేటు ఆపడం వేరు, బిల్లు తగ్గడం వేరు. ఏ నెల బిల్లుతో పోలుస్తామో ఈసారి మొదటే తేల్చండి.


మెట్రోపార్క్‌మూర్తి
2025 నవంబర్ 7

2025 మే బిల్లు ఒకటి, జూన్ పెంపుకి ముందుది. జులై బిల్లు ఇంకోటి. ఏసీ వాడకం వేరు కాబట్టి మొత్తం చూడొద్దు, యూనిట్‌కి ఎంత పడిందో చూద్దాం. నా దగ్గర జులైది ఉంది, మేది పారేశా. ఎవరి దగ్గరన్నా ఉందా?


ఎడిసన్‌వదిన
2025 నవంబర్ 7

మేది ఫ్రిజ్ మీద బాలాజీ మ్యాగ్నెట్ కింద ఉంది మూర్తిగారూ, చారు మరక ఒకటి పడింది గానీ అంకెలు కనిపిస్తున్నాయి. సాయంత్రం ఫొటో తీసి పెడతా. అకౌంట్ నంబర్ మీద వేలు పెట్టి తీస్తాలెండి.